ఓడ వంటమనిషిని ఒడ్డుకు చేర్చిన అడ్డుపుల్ల

మా ఇంటి అడ్డుపుల్ల గెలిచిన మొట్టమొదటి కేసు ఏమిటంటే, ఓడలో చిక్కుపడిపోయిన ఒక వంటమనిషిని నేల మీదికి దించడం. ఆస్తి తగాదా కాదు, అన్నదమ్ముల పంపకం కాదు. యజమాని ఒక ఓడను రేవులో గాలికొదిలేసి ఎటో పోయాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే జారుకోగా చివరికి వంటమనిషి మిగిలాడు. ఓడ మీది బాకీలు కోర్టుకెక్కాయి. మిగిలినవాడు గనుక కోర్టువారు అతన్నే ఆ ఓడకి కాపలాదారుగా వేశారు. కాపలాదారు ఓడ దిగకూడదు. దిగితే కోర్టు మాట కాదన్నట్టు. నెరిసిన తల, ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు, ఎదురుగా ఊరి దీపాలు. ఏడాదికి పైగా ఆ ఇనుప పలకల మీదే తిరుగుతూ ఉండిపోయాడు. అట్లాంటి మనిషిని దించింది మా పిల్ల. రెండుసార్లు కాదని పంపేసిన కోర్టు చేతే మూడోసారి అవుననిపించింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నమ్మరు, తర్వాత మళ్ళీ చెప్పమంటారు. అందుకని మొదటినుంచీ చెప్పుకురావడమే మేలు.

పిల్లకి బడిలో పెట్టిన పేరు వేరే ఉంది. ఇంట్లో మాత్రం అడ్డుపుల్ల. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఎవరేమన్నా "అయితే మరి" అని ఒక పుల్ల అడ్డం పెట్టేది. "పడుకోవే" అంటే "అయితే మరి నువ్వెందుకు కూర్చున్నావు?" అనేది. "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు" అని నానమ్మ కసిరితే, "ఎదురుగానే ఉన్నావు కదా, చాటుగా చెప్పమంటావా?" అనేది. నానమ్మ కోపం తెచ్చుకోబోయి నవ్వేసేది. అదే తప్పయింది. ఆ నవ్వు చూసి పిల్ల ఇంకాస్త ముదిరింది.

ముదిరినందుకు ఫలితం కూడా చెప్పాలి. ఐదో తరగతిలో ఉపన్యాసానికి మొదటి బహుమతి. ఎనిమిదో తరగతిలో జిల్లా మొత్తం మీద వాదపోటీలో మొదటిది. పరుగుపందెంలో ఆఖర్న వచ్చింది. అదీ చెప్పకపోతే మిగతావి నమ్మరు. లా కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి పోటీలు నడుపుతారు. అక్కడ ఇంత పొడుగు వెండిరంగు కప్పు గెలిచింది. దాంట్లో ఇప్పుడు నానమ్మ చొక్కా గుండీలు వేసుకుంటోంది గానీ, కప్పు కప్పే. చదువు పూర్తి చేసి, వకీళ్ళ పట్టీలో పేరు ఎక్కించుకుని, నల్లకోటు వేసుకుని ఆ పిల్ల వీధిలో నడిచొస్తుంటే, మందుల షాపు ముసలాయన కౌంటరు దిగి బయటికి వచ్చి నిలబడ్డాడు. మా ఇంటావంటా లాయరన్నవాడు లేడు. కోర్టు మెట్లెక్కినవాళ్ళున్నారు గానీ, బోనులోకే.

పిల్ల తాతయ్య బోర్డులు రాసే మనిషి. ఆ వీధిలో మంగలి షాపు మొదలుకొని సైకిళ్ళ మరమ్మతు దాకా ప్రతి బోర్డూ ఆయన చేతి అక్షరమే. ఆయన కుంచె పట్టుకుంటే గీత కొట్టినట్టు ఉండేది, కొలబద్ద ఎందుకని అడిగేవాడు. మనవరాలు లాయరయిన రోజునే ఒక రేకు తెచ్చి, తెల్లరంగు వేసి, పైన పిల్ల పేరు, దాని కింద "న్యాయవాది" అని రాసి ఆగాడు. ఆ కింద ఒక వరస ఖాళీ.

"ఇదెందుకు తాతయ్యా?"

"ఏం కేసులు చూస్తావో రాయొద్దూ? ఊరికే డాక్టరంటే ఎవరొస్తారు? పంటికా, కంటికా?"

అంతే, ఇంట్లో సభ మొదలైంది. ముందుగదిలో మేనత్త కాళ్ళు చాపుకుని, "విడాకులు రాయించు నాన్నా. మొగుడూ పెళ్ళాలు ఉన్నన్నాళ్ళూ దీనికి పనికి లోటుండదు" అంది. బస్సు నడిపే నాన్న, "ప్రమాదాల కేసులు మంచివి. రోడ్డు మీద నేను చూసే వెధవలకి అంతం లేదు" అన్నాడు. నానమ్మ అయితే, "అవన్నీ తర్వాత. పక్కింటివాళ్ళ గొట్టం మన గోడలోకి కారుతోంది. ముందు అది చూడవే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అంది.

తాతయ్య మనసులో మాత్రం ఒకటే ఉంది. ఊరి నడుమ అద్దాల మేడలో ఒక పెద్ద లాయర్ల ఆఫీసు ఉంది. కంపెనీల వ్యవహారాలు చూస్తారు. ఆ మేడ గుమ్మం మీద అక్షరాలు తాతయ్య రాసినవి కావు. ఇత్తడితో పోతపోసినవి. పడుచుతనంలో దాని ముందు నిలబడి, ఈ తలుపు లోపల మనవాళ్ళెవరైనా ఉంటే బాగుండునని ఆయన అనుకున్నాడట. ఆ మాట నానమ్మ ఒకసారి పొరపాటున పిల్లతో అనేసింది.

పిల్లతోపాటు చదివిన పొడుగాడు దొరికిన ప్రతి ఆఫీసుకీ దరఖాస్తు పెట్టేశాడు. "ఎవడు పిలిస్తే వాడి దగ్గర చేరడమే. దీనికి ఆలోచనేంటి?" అన్నాడు.

"అయితే మరి చెప్పు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తావెందుకు?" అంది అడ్డుపుల్ల.

అది చేసిన పని ఇంకెవరూ చేసి ఉండరు. కోర్టు క్యాంటీన్‌లో మూల బెంచీ ఒకటి పట్టుకుని కూర్చుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఆఫీసు ఎట్లాంటిదో తెలియాలంటే ఆ ఆఫీసు జూనియర్‌ని చూస్తే చాలు. అదీ దాని లెక్క. టీ తాగడానికి వచ్చిన జూనియర్లని పలకరించి, అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. "నువ్వు ఆఖరిసారి కోర్టులో నిలబడి మాట్లాడిందెప్పుడు?"

నేరాల కేసులు చూసే ఆఫీసు కుర్రవాడు, "రోజూ మాట్లాడతాను. వాయిదా కావాలి అంటాను" అన్నాడు. విడాకుల ఆఫీసు అమ్మాయి, "మా సారు గొంతు ఉండగా నా గొంతు ఎవరికి కావాలి?" అని నవ్వి ఊరుకుంది. అద్దాల మేడ నుంచి వచ్చినాయన నిజాయితీగా చెప్పాడు. "మా పని తగాదా కోర్టు దాకా రాకుండా చూడటం. మాట్లాడాల్సి వచ్చిందంటే మేము సరిగ్గా రాయలేదన్నమాట." ఆ జవాబు పిల్లకి నచ్చింది. నచ్చలేదంటే అబద్ధమవుతుంది.

ఒకరోజు పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పొట్టి మనిషి, నల్లకోటు భుజాల దగ్గర ఎండకి వెలిసిపోయింది, చెప్పులకి తారు. ఎదురుగా ఆవిడ జూనియర్, "మేడమ్, మీరు చెప్పింది తప్పు" అంటోంది. పెద్దావిడ కోప్పడలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏది, ఎక్కడ తప్పో చెప్పు" అని చెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. మా పిల్ల తన టీ చల్లారిపోయేదాకా అటే చూస్తూ కూర్చుంది. తర్వాత వాకబు చేస్తే, ఆవిడ ఓడల కేసులు చూసే లాయరని తెలిసింది. రేవులో అందరూ ఓడల మేడమ్ అంటారట.

ఈలోగా, తనూ దరఖాస్తు పెట్టిన అద్దాల మేడ నుంచి పిలుపు వచ్చింది. కాలికి మెత్తగా తగిలే తివాచీ, చలిపెట్టే గది, మర్యాదగా మాట్లాడే పెద్దమనుషులు. వాళ్ళలో పెద్దాయన, "మొదటి రెండు మూడేళ్ళు పత్రాలు చదవడమే ఉంటుందమ్మా" అన్నాడు.

"అయితే మరి నేను మాట్లాడేదెప్పుడండీ?"

"ముందు చదవడం రావాలి కదా" అని ఆయన నవ్వి, పిల్లని తీసుకుంటామని అక్కడికక్కడే చెప్పేశాడు. సోమవారంలోగా ఏ సంగతో తేల్చమన్నాడు. వచ్చినవాళ్ళలో ఎంపికైంది ఇద్దరే. ఒకరు మా పిల్ల, ఇంకొకడు పొడుగాడు. ఇది ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు.

ఇంటికొచ్చి చెప్పేసరికి తాతయ్య లోపలికి వెళ్ళాడు. మర్నాడు చూస్తే బోర్డు మీద ఖాళీ వరసలో నీలంరంగుతో "కంపెనీ వ్యవహారములు" అని మెరిసిపోతోంది. పక్కన చిన్న పువ్వు కూడా వేశాడు. మంగలి షాపుకి కూడా వెయ్యని పువ్వు.

పిల్ల నోట "అయితే మరి" అన్న మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం అది తిన్నగా రేవుకి వెళ్ళింది. ఓడల మేడమ్ ఆఫీసు తాళ్ళు, లంగర్లు అమ్మే కొట్టు మీద మేడగది. మెట్లన్నీ తారు వాసన. కిటికీ తీస్తే క్రేన్ల మోత. పిల్ల తన సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టబోయింది. మేడమ్ వాటిని ముట్టుకోనే లేదు.

"ఈత వచ్చా?"

"రాదండీ."

"భయం ఉందా?"

"ఉందండీ."

"మంచిదే. భయం ఉన్నవాళ్ళు నిచ్చెన గట్టిగా పట్టుకుంటారు. పద."

ఆ ఆఫీసు పద్ధతి అది. మనిషిని చూడకముందు కాగితం చూడనివ్వరు. ఫైలు ముందు చదివితే మనిషి ఫైలులాగే కనిపిస్తాడని మేడమ్ నమ్మకం. మరపడవలో తీసుకుపోయి, తుప్పు పట్టిన ఓడ పక్కన ఆపి, తాళ్ళ నిచ్చెన చూపించింది. మా పిల్ల కళ్ళు మూసుకుని ఎక్కింది. సగంలో ఎడమకాలి చెప్పు జారి నీళ్ళలో పడింది. పైనుంచి ఎవరో, "చెప్పు సంగతి వదిలెయ్ తల్లీ, కాలు జాగ్రత్త!" అని అరిచారు. అతనే వంటమనిషి.

ఓడ వంటగదిలో టీ కాచి ఇచ్చాడు. పాలు లేవని పదిసార్లు నొచ్చుకున్నాడు. వండిపెట్టడానికి మనుషులు లేక వంట మర్చిపోతున్నానన్నాడు. "అద్దంలో చూసుకుని వడ్డించుకుంటున్నానమ్మా. మారు అడిగేవాడు కూడా నేనే" అని తనే నవ్వాడు. పిల్ల అడగాల్సినవన్నీ అడిగింది. అతను చెప్పుకుంటూ పోయాడు. మేడమ్ మధ్యలో ఒక్క మాట కలపలేదు. తిరిగి దిగే వేళకి అతను లోపలికి పోయి ఒక రబ్బరు చెప్పుల జత తెచ్చాడు.

"ఒంటి చెప్పుతో ఇంటికెట్లా పోతావు? ఇవి వేసుకో. ఓడ పక్కకొచ్చే సరుకుల పడవలో కొన్నవి, ఇంతవరకూ నేల తొక్కలేదు. నాకంటే ముందు అవి దిగుతున్నాయి."

పడవలో మేడమ్ అడిగింది. "ఈ కేసులో నిలబడి మాట్లాడే మనిషి కావాలి. నాకు ఇంకో రేవులో పని ఉంది. నువ్వు మాట్లాడతావా?"

పిల్ల తన కాళ్ళకేసి చూసుకుంది. చెప్పులు రెండంగుళాలు పెద్దవి.

గడువు పెట్టిన ఆ సోమవారమే తాతయ్య ముందు నిలబడింది. ఆయన కుంచెలు కడుగుతున్నాడు.

"తాతయ్యా, నేను అద్దాల మేడలో చేరట్లేదు."

తాతయ్య కుంచె కడగడం ఆపలేదు. మేనత్తే అందుకుంది. "ఏమే, మతి పోయిందా? కాలదన్నుకుంటారా ఎవరైనా? ఓడలేంటే, ఓడలు? ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. నీ వంటవాడు దిగి చక్కా పోతాడు, నువ్వు నీళ్ళ మీద రాతలు రాసుకుంటూ కూర్చో!"

"ఆ మేడ చెడ్డది కాదత్తా. నాకు సరిపోదు. అక్కడ నోరు మూసుకుని ఉంటే మెచ్చుకుంటారు. నాకు అది చేతకాదని మీకందరికీ తెలుసు."

"అది మాత్రం నిజం" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

తాతయ్య లేచి, గుడ్డకి కిరసనాయిలు రాసి, బోర్డు మీద నీలం అక్షరాలు తుడిచేశాడు. పువ్వు కూడా తుడిచాడు. "తుడవడం నాకు కొత్త కాదు అమ్మడూ. కొట్లు మూతపడ్డప్పుడల్లా తుడుస్తూనే ఉన్నాను. కానీ ఈ వరసలో మళ్ళీ నేను రాయాలంటే, ఆ మనిషి నేల మీదికి దిగాలి. అప్పటిదాకా ఇది ఖాళీయే" అన్నాడు. బోర్డుని గోడవైపు తిప్పి తలుపు వెనక పెట్టాడు.

మొదటి వాయిదాకి పిల్ల బోలెడు చట్టం మోసుకెళ్ళింది. మనిషి స్వేచ్ఛ గురించి ఎంత బాగా చెప్పిందంటే, కోర్టు బంట్రోతు కూడా తలుపు దగ్గర ఆగిపోయాడు. జడ్జి గారు అంతా విని, "మీరు చెప్పింది న్యాయమేనమ్మా. ఈయన దిగితే ఓడను ఎవరు చూస్తారు?" అన్నారు. అర్జీ కొట్టేశారు. రెండోసారి ఒక రిటైరైన రేవు జవానుని కాపలాకి ఒప్పించి తీసుకెళ్ళింది. "గాలివానకి తాడు తెగితే ఈ ఒక్క పెద్దాయన ఏం చేస్తాడు? పక్క ఓడల గతేమిటి?" అన్నారు జడ్జి గారు. మళ్ళీ కాదన్నారు.

ఆ రోజు పొడుగాడు అద్దాల మేడ నుంచి ఫోన్ చేసి, ఇంకా ఒక కుర్చీ ఖాళీగానే ఉందని చెప్పాడు. వెక్కిరింపుగా కాదు, స్నేహంగానే. అది ఇంకా నొప్పి పెట్టింది. పిల్ల మేడమ్ దగ్గరికి వెళ్ళి, "నా సరదాకి ఆయన అక్కడ మగ్గిపోకూడదు. మీరు నిలబడండి" అంది.

"కేసు నీదీ కాదు, నాదీ కాదు. ఆయన్నే అడుగుదాం" అంది మేడమ్.

వంటమనిషి గరిటె ఊపుతూ అన్నాడు, "నా గోడు మొత్తం మొదట్నుంచీ ఈ అమ్మాయికే చెప్పుకున్నాను. మళ్ళీ ఇంకొకరికి మొదలుపెట్టమంటే నా వల్ల కాదు. పైగా నా చెప్పులు ఆవిడ దగ్గరే ఉన్నాయి."

ఇక చూడండి. ఇంటికొచ్చి ముందుగదిలో అందరినీ వరసగా కూర్చోబెట్టింది. "ఇన్నాళ్ళూ మీ మాటలకి నేను అడ్డం పడ్డాను. ఇవాళ నా మాటకి మీరు అడ్డం పడండి. ఒక్కరు కూడా ఊరుకోవద్దు" అంది. అడగడమే ఆలస్యం! పాతికేళ్ళ బాకీ తీర్చుకునే అవకాశం ఎవరు వదులుకుంటారు?

"అయితే మరి ఆ కాపలావాడికి జ్వరమొస్తే?" అంది నానమ్మ.

"అయితే మరి వాడూ నీ వంటవాడిలాగే అక్కడే ఇరుక్కుపోతే? వాణ్ణి దించడానికి ఇంకో లాయరా?" అంది మేనత్త, చేతులు తిప్పుతూ.

"అయితే మరి" అన్నాడు నాన్న నెమ్మదిగా, "ఆ ఓడ అక్కడే ఎందుకుండాలి?"

పిల్ల జవాబు చెప్పబోయి ఆగిపోయింది. తలుపు పక్కన నిలబడ్డ తాతయ్య వైపు చూసింది. తలుపు వెనక బోర్డు ఇంకా గోడవైపు తిరిగే ఉంది. మర్నాడు పొద్దున్నే అది రేవులో ఉంది. మనిషిని ఓడ దగ్గరికి తేవడం కాదు, ఓడనే మనుషుల దగ్గరికి తేవాలి. ఆ ముక్క తట్టింది గానీ, చేయించడం మాటలా? ఓడలు లాగే పడవల వాళ్ళని, రేవు అధికారుల్ని, ఓడల మరమ్మతు యార్డు మేనేజర్ని ఒక్కొక్కరినీ పట్టుకుంది. యార్డు మేనేజర్ మొదట కుదరదన్నాడు. ఎందుకు కుదరదో చెప్పమంది. చెప్పాడు. చెప్పిన ప్రతిదానికీ ఒక దారి చూపించింది. ఆఖరికి ఆయన విసుగుతోనో ముచ్చటతోనో ఓడను తన యార్డులో కట్టుకోవడానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు.

మూడోసారి పిల్ల ఎక్కువ మాట్లాడలేదు. ఓడని యార్డులోకి లాగుతారు, అక్కడ విరగని గట్టు ఉంది, తెగని గొలుసు ఉంది, వంతులవారీగా కాపలా ఉంది అని చెప్పింది. జడ్జి గారు కాగితాలు తిరగేసి, కళ్ళద్దాలు తీసి, "ఆ కాపలావాళ్ళలో ఒకరికి జ్వరమొస్తే?" అన్నారు.

పిల్ల నవ్వు బలవంతాన ఆపుకుంది. "ఆ వంతు ఎవరు చూడాలో కూడా రాసిచ్చారండీ. నాలుగో కాగితం."

జడ్జి గారు నాలుగో కాగితం చూశారు. చూసి సంతకం చేశారు.

ఓడని యార్డులోకి లాగిన రోజు వంటమనిషి మెట్లు దిగాడు. గట్టు మీద రెండడుగులు వేసి అటూ ఇటూ ఊగాడు. కదలని నేల అలవాటు తప్పిందన్నాడు. పిల్ల చెప్పుల జత ముందు పెట్టింది. అతను వేసుకోలేదు, చంకలో పెట్టుకుని ఉత్తకాళ్ళతో గేటు దాకా నడిచాడు. గేటు బయట తాతయ్య నిలబడి ఉన్నాడు, ఎవరికీ చెప్పకుండా వచ్చి. వంటమనిషికి నమస్కారం పెట్టి, కాళ్ళకేసి తేరిపార చూసి, వెనక్కి తిరిగి రంగుల కొట్టుకి పోయాడు.

ఆ కేసు తర్వాత ఓడల మనుషులు మా పిల్లని చెప్పుల లాయరమ్మ అంటున్నారు. ఆ పేరు మేనత్త వీధంతా చెప్పుకు తిరుగుతోంది. బోడి మల్లయ్య అన్న నోరే అది. అద్దాల మేడలో పొడుగాడు కూడా బాగా పైకి వచ్చాడు. ఎవరి చెప్పు వారిదే. అదే యజమాని రెండో ఓడ వేరే రేవులో, దూరాన, మనుషులతో సహా ఆగిపోయి ఉందని కబురొస్తే, మేడమ్ ఈసారి తోడు రాకుండా మా పిల్లని ఒక్కదాన్నే పంపింది. ఈ వయసులో, ఒంటరిగా, ఇంకో కోర్టుకి! పక్కింటి గొట్టం సంగతి కూడా వెళ్ళేముందు మాట్లాడి సర్దేసింది. ఇప్పుడు గోడ పొడిగా ఉంది.

తాతయ్య ఖాళీ వరసలో ఎర్రరంగుతో "ఓడలు, ఓడ మనుషుల కేసులు" అని రాశాడు. పిల్ల ఫోన్‌లో విని, "అయితే మరి మనుషులు ముందుండాలి కదా తాతయ్యా, ఓడలు తర్వాత" అంది. ఆయన కాసేపు గొణిగి, మళ్ళీ కిరసనాయిలు గుడ్డ తీసి తుడిచి, మనుషుల్ని ముందుకి తెచ్చాడు. పువ్వు వేశాడు. గుమ్మం పక్కన మేకులు కొట్టి ఉన్నాయి. బోర్డు మాత్రం తగిలించడం లేదు. పిల్ల వచ్చి చూసి, ఇంకేం అడ్డం పెట్టకపోతేనే తగిలిస్తానని ఆయన పంతం. అక్కడి కోర్టు పని పూర్తయింది, అక్కడివాళ్ళు కూడా దిగారు, బయల్దేరుతున్నానని నిన్న కబురు వచ్చింది. పిల్ల ఇంటికొచ్చేది ఫిబ్రవరి ఇరవై మూడో తేదీ, ఆదివారం.